తమ్ముడు తెచ్చిన చార్జరు

ఆ వీధిలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పాలుతాగే పిల్లల తల్లుల దగ్గర్నుంచి కర్ర పట్టుకుని నడిచే ముసలివాళ్ళ దాకా అందరికీ ఆమె స్టీరింగక్కే. సొంత కారు, సొంత స్టీరింగు. రోగులను ఇంటి గుమ్మంలో ఎక్కించుకోవడం, ఆస్పత్రి గుమ్మంలో దించడం, లోపల పని అయ్యేదాకా కాచుకుని కూర్చోవడం, మళ్ళీ ఇంటికి చేర్చడం ఆమె వృత్తి. ఆపరేషను కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నవాళ్ళు ఆమె కారే కావాలని పట్టుబట్టేవాళ్ళు. "గుంత వస్తోంది, కాస్త బిగపట్టుకోండి" అని ముందే హెచ్చరించే డ్రైవరు ఇంకెక్కడ దొరుకుతుంది మరి?

ఆమె ఇంట్లో రెండు సామెతలు ఒకే చూరు కింద ఎదురుపడేవి. ఒకటి నిదానమే ప్రధానం, రెండోది ఆలస్యం అమృతం విషం. మొదటిది ఆమె భర్త, రెండోది ఆమె తమ్ముడు.

భర్తకు గ్రంథాలయంలో ఉద్యోగం. ఏ సంగతి అడిగినా ఆయన నోట వచ్చే మొదటి మాట "ఆలోచిద్దాం." గోడకు ఏ రంగు వేయిద్దామన్నా ఆలోచిద్దాం, గొడుగు కొందామన్నా ఆలోచిద్దాం. ఆయన ఆలోచించేలోపు వానాకాలం వెళ్ళిపోయేది. చుట్టుపక్కలవాళ్ళు ఆయన వెనకాల "ఆలోచిద్దాంగారు" అనుకునేవాళ్ళు. ఆయనకూ ఆ సంగతి తెలుసు, నవ్వి ఊరుకునేవాడు.

తమ్ముడికి ఊరి చివర లారీల గ్యారేజీ. తల్లి పోయాక అతణ్ణి పెంచి పెద్దచేసింది అక్కే. వాడు నడక నేర్వకుండానే పరుగు నేర్చాడని ఆమె అంటూ ఉండేది. పని మొదలుపెట్టాక ఏం చేయాలో చూసుకునే రకం. అదృష్టమేమో, ఎప్పుడూ దెబ్బ తినలేదు. దెబ్బ తినని మనిషికి భయం ఎవరు నేర్పగలరు? బావకీ బావమరిదికీ మధ్య ఎకసెక్కాలు ఎప్పుడూ ఉండేవి. ఎటు వత్తాసు పలికినా రెండోవాళ్ళకు కోపం వస్తుంది గనుక, ఆమె బతుకు అడకత్తెరలో పోకచెక్కే.

కిందటేడు వచ్చిన జ్వరం ఆమెకు ఒక లోటు మిగిల్చింది. జ్వరం తగ్గింది, నీరసం తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. సబ్బుకూ పెట్రోలుకూ తేడా తెలియదు. పొయ్యి మీద పాలు మాడుతున్నా పొగ కంటికి కనబడితే తప్ప తెలియదు. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. రానివాటి గురించి ఏడ్చే తీరిక ఆమెకు లేదు.

ఆ ఇంట్లో ముక్కు బాగా పనిచేసే మనిషి అత్తగారు. ఆవిడ కాళ్ళు పడిపోయి చాలాకాలమైంది. వెనక గదిలో మంచం, మంచం పక్కన చక్రాల కుర్చీ, అదే ఆవిడ ప్రపంచం. మంచం మీద నుంచే ఇల్లంతా వాసన పట్టేది. తడి గుడ్డ ఎక్కడో ముక్కిపోతోందనేది. పక్కింటివాళ్ళు తలుపుకు రంగు వేస్తున్నారనేది. మొదట్లో కోడలు లేచి వెళ్ళి చూసేది. నిజమే అయ్యేది కూడా. కానీ రోజుకు పదిసార్లు వాసన అంటే ఎవరైనా ఎంతకని లేస్తారు? మెల్లగా ఆ మాట గోడగడియారం చప్పుడులా అయిపోయింది. ఉంటుంది, వినబడదు.

ఆ వానాకాలం మొదట్లో గేటు దగ్గర నాచు మీద కాలు జారి స్టీరింగక్క కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. కారు ముంగిట్లో రేకుల కింద నిలబడిపోయింది. కిడ్నీలు పనిచేయని పక్కవీధి పంతులమ్మను వారానికి రెండుసార్లు రక్తశుద్ధికి తీసుకెళ్ళేది ఈమే. పంతులమ్మ ఇప్పుడు ఎవరెవరినో బతిమాలుకుని వెళ్తోంది. రోజూ సాయంత్రం ఫోను చేసేది.

"చెయ్యెలా ఉందమ్మా? తొందరేం లేదులే. నిన్న వచ్చిన అతను బ్రేకు వేస్తే నా పేగులు నోట్లోకి వచ్చాయి. అయినా తొందరేం లేదులే."

ఒకరోజు ఆమె ఎడమచేత్తో తాళం తిప్పి చూసింది. టక్ మంది. మళ్ళీ తిప్పింది. ఈసారి ఆ టక్ కూడా లేదు. వాడని కారులో బ్యాటరీ తనంతట తనే నీరసించి పడుకుంది.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ బ్యాటరీల షాపుకు వెళ్ళారు. కొట్టు పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, అరలోంచి చార్జర్లు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"మీ బ్యాటరీ ఎంతది? పైన అంకె రాసుంటుంది చూశారా?"

"నలభై అయిదు" అన్నాడు భర్త. ఆయన చూడకుండా వస్తాడా?

"అయితే అందులో పదోవంతు చాలు. నాలుగో అయిదో యాంపియర్లు ఇచ్చేది తీసుకోండి. చిన్నది తీసుకుంటే నిండడానికి రోజంతా పడుతుంది, నష్టమేం లేదు. పెద్దది తీసుకుంటే తొందరగా నిండుతుంది, కానీ బ్యాటరీ ఉడికిపోతుంది. ఇంకోటి, నిండాక దానంతటది ఆగేదై ఉండాలి. ఆగనిదైతే పక్కనే కాపలా కూర్చోవాలి. మీది నీళ్ళు పోసే రకమా, మూత బిగించేసిన రకమా?"

"నీళ్ళు పోసేదే అనుకుంటా" అన్నది ఆమె.

"అనుకోకూడదమ్మా, చూడాలి. ఈ మీట రకాన్నిబట్టి మార్చాలి. ఏ రకమైనా సరే, గాలి ఆడేచోటే పెట్టండి. నిండేటప్పుడు గ్యాసు వస్తుంది. నిప్పు తగిలిందంటే మాత్రం..." పెద్దాయన మాట పూర్తిచేయకుండా రెండు చేతులూ పైకెత్తి విడదీశాడు.

భర్త ఒక్కొక్క చార్జరూ ఎత్తి, తిప్పి, వెనకాల చిన్న అక్షరాలు చదివాడు. క్లిప్పులు నొక్కి చూశాడు. తీగ ఎంత పొడుగో కొలిచాడు. మూతల సంగతి ఇంటికి వెళ్ళి చూసుకుని వస్తానన్నాడు.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు మీరు" అన్నది ఆమె బయటికి వస్తూ.

"అందుకే కదా ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. చార్జరు లేకుండానే ఇంటికి చేరారు.

ఆ మాట తమ్ముడి చెవిన పడింది. ఆ సాయంత్రమే గ్యారేజీ నుంచి ఒక ఇనప పెట్టెను భుజాన వేసుకుని దిగాడు. పాత కాలపుది. లారీల బ్యాటరీలకు వాడేది. ఒళ్ళంతా గ్రీజు, ముందు అంకెల మీద తిరిగే ఒక ముల్లు, బొటనవేలంత లావు తీగలు, మొసలి నోళ్ళలాంటి రెండు క్లిప్పులు.

"బావ ఆలోచించి కొనేసరికి నీ కారుకు చెట్టు మొలుస్తుంది అక్కా. ఇది చూడు. చచ్చిన బ్యాటరీని కూడా లేపి కూర్చోబెడుతుంది."

"కొట్టు పెద్దాయన పెద్దది వద్దన్నాడురా."

"కొట్లో అమ్మేవాళ్ళు అట్లాగే అంటారు, కొత్తది కొనాలిగా మరి! నాలుగు గంటలు పెట్టు, తీసెయ్యి. దీనికి ఆగడం తెలీదు, నువ్వే ఆపాలి. అంతే."

ముంగిట్లో వాననీళ్ళు పాదాలు మునిగేంత నిలిచాయి. అందుకని వాడు బ్యాటరీని ఊడదీసి ఇంటి లోపలికి మోసుకొచ్చి, వంటింటి పక్క సామాన్ల గదిలో ఒక చెక్క బల్ల మీద పెట్టాడు. కరెంటు మీటరూ, మెయిన్ స్విచ్చూ ఆ గది గోడకే ఉన్నాయి. పై అరలో వెండి గిన్నెలు, కొవ్వొత్తులు, పాత దుప్పట్లు. ఉన్న ఒక్క కిటికీనీ జల్లు కొడుతోందని మూసి గడియ పెట్టారు. ఆ గదికీ అత్తగారి గదికీ మధ్య పైన గాలి కన్నాలున్న గోడ ఒక్కటే అడ్డు.

స్విచ్చి వేయగానే పెట్టె మూలిగింది. ఆ మూలుగు గోడల్లోంచి ఇల్లంతా పాకింది. రాత్రి ఇంటికొచ్చిన భర్త చెప్పులు విడుస్తూనే ఆగిపోయాడు.

"ఏమిటా చప్పుడు?"

"తమ్ముడు చార్జరు తెచ్చాడు. అయిపోయింది లెండి, ఇప్పుడే ఆపేస్తున్నా."

ఆయన గదిలోకి వెళ్ళి చాలాసేపు ఆ పెట్టెను చూసి వచ్చాడు. "నాకు నచ్చలేదు. ఇంకోసారి పెట్టకు. నేను కొంటాను" అన్నాడు.

"ఎప్పుడు?"

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మొదటిసారి ఏమీ కాలేదు. మర్నాడు తమ్ముడు వచ్చి బ్యాటరీ బిగించి తాళం తిప్పితే కారు కుయ్యిమని లేచింది. అందరికీ ధైర్యం వచ్చింది. అత్తగారు మాత్రం పెట్టె మూలిగిన ఆ రాత్రంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

"అమ్మాయ్, ఎక్కడో గుడ్డు కుళ్ళింది. చూడు."

కోడలు వంటింటి బుట్టలో గుడ్లన్నీ తీసి నీళ్ళలో వేసి చూసింది. ఒక్కటీ తేలలేదు. అయినా ముసలావిడ మనసు కోసం అన్నీ బయట పారేసింది.

తర్వాత కొన్నాళ్ళు వాన తెరిపి ఇవ్వలేదు. చేతికి కట్టు ఉండగా నడిపే వీలు లేదు. నిలబడిన కారులో బ్యాటరీ మళ్ళీ దిగిపోయింది. కట్టు విప్పే రోజు దగ్గరపడింది. ఆ మర్నాడే తనను తీసుకెళ్ళమని పంతులమ్మ అడిగింది. "వస్తానమ్మా, కారు సిద్ధంగా పెడతా" అని ఈమె మాట ఇచ్చేసింది.

కట్టు విప్పే రోజు పొద్దున భర్త గ్రంథాలయానికి వెళ్ళాక, తమ్ముడు వచ్చి బ్యాటరీని మళ్ళీ లోపల బల్ల మీదికి చేర్చాడు. క్లిప్పులు తగిలించి, "మధ్యాహ్నానికి తీసెయ్యి అక్కా" అని చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. భర్త చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. కానీ పంతులమ్మకు ఇచ్చిన మాట అంతకంటే దగ్గరగా ఉంది. ఆస్పత్రిలో గంటలో పని అయిపోతుందనుకుని స్విచ్చి వేసింది. అత్తగారి మంచం పక్కన ఫోనూ, మంచినీళ్ళూ పెట్టి బయల్దేరింది.

ఆస్పత్రిలో గంట అంటే ఎంత పొడుగో ఆమెకు తెలియనిదా? ఎంతమందిని తీసుకొచ్చి కూర్చోబెట్టిందో అక్కడ! అయినా తన వంతు వచ్చేసరికి మరిచిపోయింది. ఎక్కడో బస్సు బోల్తాపడిందని ఎముకల డాక్టరును పిలుచుకుపోయారు. వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండిపోయారు. మధ్యాహ్నం దాటాక ఇంటికి ఫోను చేసింది.

"అత్తయ్యా, నీళ్ళు తాగారా?"

"తల బద్దలవుతోంది అమ్మాయ్. అదే వాసన. కళ్ళు మండుతున్నాయి. పొద్దుట్నుంచీ ఆ పెట్టె మూలుగుతూనే ఉంది."

పెట్టె! పక్కింటావిడకు ఫోను చేస్తే ఎత్తలేదు. తమ్ముడికి చేస్తే గ్యారేజీ చప్పుళ్ళలో వాడికి వినబడలేదు. భర్తకు చేద్దామంటే, వద్దన్న పనే చేసి ఏ మొహంతో? సరిగ్గా అప్పుడే లోపలి నుంచి ఆమెను పిలిచారు. కట్టును కోసే రంపం గుయ్యిమంటుంటే ఆమె చెవుల్లో ఇంట్లో పెట్టె మూలుగే వినబడింది. కట్టు ఊడింది. తెల్లగా, సన్నగా, ఎవరిదో చెయ్యిలా ఉంది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వానలో ఆటో కోసం పరుగెత్తింది.

వీధి మొదట్లోకి రాగానే చూసింది. ఏ ఇంట్లోనూ దీపం లేదు. కరెంటు పోయింది. అమ్మయ్య, పెట్టె ఆగిపోయి ఉంటుందని ఆమె గుండె కుదుటపడింది. కరెంటు పోయినందుకు సంతోషించడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సాయంత్రపు మసక. మూలుగు లేదు. అసలు ఏ చప్పుడూ లేదు. రేకుల మీద వాన తప్ప.

"వచ్చావా?" వెనక గదిలోంచి అత్తగారి గొంతు పీలగా వచ్చింది. "చీకట్లో ఎంతసేపు పడుకోబెడతావు నన్ను? కొవ్వొత్తి వెలిగించు. ఏదో చచ్చిన వాసన అమ్మాయ్ ఇది, ఉత్త వాసన కాదు."

"వెలిగిస్తున్నా అత్తయ్యా, ఒక్క నిమిషం."

కొవ్వొత్తులు సామాన్ల గదిలో ఉన్నాయి. వంటింట్లో అగ్గిపెట్టె తీసుకుని ఆ గది తలుపు తోసింది. లోపల ఉక్కగా, తేమగా ఉంది. ఆమెకు వాసన తెలియదు. ఇంకెవరైనా ముక్కు మూసుకునే ఆ గది ఆమెకు మామూలు గదే. గుమ్మంలోనే నిలబడి అగ్గిపుల్ల గీసింది. కట్టులోంచి అప్పుడే బయటపడ్డ చేతికి బలం లేదు. పుల్ల వెలగకుండానే విరిగి కింద పడింది. చిన్నగా తిట్టుకుని ఇంకో పుల్ల తీసింది. కొవ్వొత్తి ఎక్కడుందా అని తలెత్తి పై అర వైపు చూసింది.

కిటికీ అద్దంలోంచి వస్తున్న బూడిదరంగు వెలుతురులో వెండి గిన్నెలు నల్లగా ఉన్నాయి. మాసిన నలుపు కాదు, మసి పూసినట్టు నలుపు. వాటిని మొన్ననే ఊరికే కూర్చోలేక ఎడమచేత్తో తోమి పెట్టింది తానే. తెల్లగా మెరుస్తుంటే అత్తగారికి చూపించింది కూడా.

పుల్ల అగ్గిపెట్టె మీద ఆనించి ఉంది. గీయలేదు.

వెండి ఊరికే నల్లబడదు. గాలిలో ఏదో ఉండాలి. గుడ్డు కుళ్ళిన వాసన. మండే కళ్ళు. కొట్టు పెద్దాయన పైకెత్తి విడదీసిన రెండు చేతులు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె ముందు వచ్చి నిలబడ్డాయి. రెండడుగులు లోపలికి వేసింది. బ్యాటరీ మీద చెయ్యి పెట్టకుండానే దాని వేడి తగిలింది. డొక్కలు రెండు పక్కలా ఉబ్బి ఉన్నాయి. మూతల సందుల్లో తడి బుడగలు చిటపటమంటున్నాయి. కరెంటు పోయినా అది ఇంకా లోలోపల ఉడుకుతూనే ఉంది.

ఆమె వెనక్కి వెనక్కి నడిచి బయటికొచ్చింది. అగ్గిపెట్టెను వాననీళ్ళలోకి విసిరేసింది. తర్వాత ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి కిటికీ గడియ తీసి రెండు రెక్కలూ తోసింది. అత్తగారిని చంకల కింద చేతులు వేసి లేపుతుంటే మణికట్టు కలుక్కుమంది. పళ్ళు బిగించి కుర్చీలో కూర్చోబెట్టి ముందు వరండాలోకి తోసుకొచ్చింది.

"ఏమైందే? వానలోకి ఎందుకు?"

"మీరు చెప్పింది నిజమే అత్తయ్యా. ఇక్కడే ఉండండి, కదలకండి."

భర్తకు ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. "మళ్ళీ పెట్టావా" అనైనా అనలేదు.

"ఏదీ ముట్టుకోకు. క్లిప్పులు తీయకు. కరెంటు తిరిగొస్తే పెట్టె మళ్ళీ మొదలవుతుంది. మెయిన్ ఆ గదిలోనే ఉంది, దాని జోలికి పోకు, అక్కడా నిప్పురవ్వ పుడుతుంది. వీధి స్తంభం దగ్గరే కరెంటు తీయించాలి. నేను కరెంటు ఆఫీసుకు ఫోను చేస్తాను. దార్లోనే ఉన్నాను, బ్యాటరీల కొట్టు నుంచి వస్తున్నా."

ఆమె ఫోను దించేసరికి గేటు ముందు మోటారుసైకిలు ఆగింది. తమ్ముడు. వానకోటులోంచి నీళ్ళు కారుతుండగా నవ్వుతూ లోపలికి వచ్చాడు.

"చెయ్యి చూపించు అక్కా! ఓహో, కొత్త చెయ్యి. ఏంటీ, అత్తయ్యగార్ని వరండాలో కూర్చోబెట్టావు?"

ఆమె చెప్పింది. వాడి మొహంలో నవ్వు పోలేదు గానీ కొంచెం సన్నబడింది.

"కాస్త ఎక్కువసేపు ఉడికినట్టుంది. గ్యారేజీలో రోజూ చూసేదే. ఆ క్లిప్పు పీకేస్తే సరి."

"వద్దురా. మీ బావ స్తంభం దగ్గర ఆపిస్తానన్నారు. అప్పటిదాకా ఎవర్నీ లోపలికి వెళ్ళొద్దన్నారు."

"బావకు చెబితే స్తంభం దగ్గర్నుంచే మొదలుపెడతాడు. ఆయన స్తంభం చేరేసరికి నీ బ్యాటరీ పగులుతుంది. కరెంటు లేనప్పుడే తీయాలి అక్కా, వచ్చాక కాదు. నాకు తెలుసు."

అందులోనూ నిజం లేకపోలేదు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఎటు మొగ్గాలో తెలియక జీవితమంతా నిలబడ్డట్టే అప్పుడూ నిలబడింది. ఆ క్షణంలో వాడు గుమ్మం దాటేశాడు. ఆమె వెనకనుంచి వానకోటు పట్టుకుంది. తడి కోటు, బలం లేని చెయ్యి. జారిపోయింది.

"ఒరేయ్, ఆగు!"

వాడు వంగి ఎర్ర క్లిప్పు మీద చెయ్యి వేయడం ఆమె చూసింది. అప్పుడే ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పెట్టె మూలిగింది. వాడి చెయ్యి అప్పటికే క్లిప్పును లాగేస్తోంది. చిన్న నీలం మెరుపు.

ఆ చప్పుడు ఎలా ఉందని తర్వాత ఎందరు అడిగినా ఆమె చెప్పలేకపోయింది. వినబడలేదు, ఒంటికి తగిలింది, అంతే. తలుపు రెక్క వచ్చి ఆమె భుజానికి కొట్టుకుంది. చూసేసరికి తమ్ముడు నేలమీద మోకాళ్ళ మీద ఉన్నాడు, రెండు చేతులతో మొహం కప్పుకుని. బ్యాటరీ పైభాగం లేదు. గోడంతా నల్లటి తడి చారలు కిందికి కారుతున్నాయి.

"అక్కా, మంట! కళ్ళు, కళ్ళు!"

తెగిన తీగల పక్కనుంచి వాణ్ణి ఈడ్చుకుని పెరట్లో కుళాయి కిందికి తెచ్చింది. తల ఒళ్ళో పెట్టుకుంది. వాడు చేతులు తీయనంటున్నాడు. చిన్నప్పుడు మందు తాగనని మొండికేస్తే ఎలా విడదీసిందో అలాగే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. కనురెప్పలు బలవంతంగా తెరిచి నీళ్ళ ధార కింద పట్టుకుంది. కుడికన్ను, ఎడమకన్ను, మళ్ళీ కుడికన్ను. వాడు అరుస్తూ తన్నుకున్నాడు. ఆమె వదల్లేదు. వరండాలోంచి అత్తగారు "ఎవరైనా రండర్రా!" అని వీధి అదిరేలా కేకలు పెడుతోంది. ఆ గొంతులో అంత బలం ఉందని ఎవరికీ తెలియదు.

పక్కింటివాళ్ళ కారులో తమ్ముణ్ణి ఎక్కిస్తుండగా వీధి మలుపులో భర్త కనబడ్డాడు. గొడుగును తన మీద కాకుండా చంకలో ఉన్న అట్టపెట్టె మీద పట్టుకుని, తాను తడుస్తూ వస్తున్నాడు. కొట్టు పెద్దాయన చెప్పిన చార్జరే. నాలుగు యాంపియర్లది, దానంతటది ఆగేది. ఆయన కారులోకి తొంగిచూశాడు. అట్టపెట్టెను గేటు పక్కన బురదలో దించేసి ముందుసీట్లో ఎక్కాడు.

తమ్ముడి ఎడమకన్ను పోయింది. కుడికన్ను నిలిచింది. వెంటనే అంతసేపు నీళ్ళు పోయకపోతే అదీ దక్కేది కాదన్నారు డాక్టర్లు. చెంపమీద, మెడమీద మచ్చలు మిగిలాయి. ఎడమచెవిలో హోరు ఒకటి స్థిరపడిపోయింది. అచ్చం ఆ పెట్టె మూలిగినట్టే ఉంటుందట.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ బావే రాత్రిళ్ళు పక్కన కూర్చున్నాడు. ఒకరోజు ఆమె తలుపు బయట నిలబడి వాళ్ళ మాటలు విన్నది.

"నేను మొదటిరోజే కొని ఉంటే అయిపోయేది" అంటున్నాడు భర్త.

"నువ్వు మొదటిరోజే కొంటే అది నువ్వు కాదు బావా, ఇంకెవరో అయుంటావు." కట్ల కిందనుంచి తమ్ముడు నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. "ఆ ఇనపపెట్టె ఏం చేశారు?"

"ముక్కలు చేయించాను."

"ఆలోచించకుండానే?"

ఆయన భుజాలు కదలడం తలుపు సందులోంచి ఆమె చూసింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. లోపలికి వెళ్ళలేదు. తప్పంతా వాళ్ళిద్దరిలో ఒకరి మీదకు తోసేసి తేలికపడదామని ఎన్నిసార్లు చూసిందో! తోస్తే తన మీదకే వచ్చేది. స్విచ్చి వేసిన చెయ్యి తనది.

ఇంట్లో అత్తగారు కొన్నాళ్ళు నోరు విప్పలేదు. ముక్కు ఎగబీల్చేది, ఊరుకునేది. ఆ మౌనం కోడలికి భయం పుట్టించింది. ఒకరోజు మంచం పట్టె మీద కూర్చుని అడిగింది.

"ఏదైనా వాసన వస్తే చెప్పండి అత్తయ్యా."

"చెబితే లేస్తావా?"

"లేస్తాను."

"పదిసార్లు చెబితే?"

"పదిసార్లూ లేస్తాను."

ముసలావిడ ముక్కు ఎగబీల్చి, "అయితే లే. నీ పొయ్యి మీద ఏదో అడుగంటుతోంది" అన్నది. ఆమె పరుగెత్తింది.

వానలు తగ్గుముఖం పట్టాక కారుకు కొత్త బ్యాటరీ వచ్చింది. భర్త తెచ్చిన చార్జరును ముందు వరండాలో, నాలుగు వైపులా గాలి ఆడేచోట పెట్టి తగిలించారు. ఎర్రదీపం వెలిగింది. అది దానంతటది ఆగుతుందని ఆమెకు తెలుసు. అయినా కుర్చీ వేసుకుని పచ్చదీపం వెలిగేదాకా అక్కడే కూర్చుంది. పంతులమ్మను మళ్ళీ ఆస్పత్రికి తిప్పడం మొదలుపెట్టింది. మణికట్టు ఇప్పటికీ మబ్బు పడితే సలుపుతుంది.

తమ్ముడు గ్యారేజీకి వెళ్తున్నాడు. బండి మాత్రం నడపలేడు. ఒక కంటికి దూరం ఎంతో అంతుచిక్కదు, గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకుంటాడు. ఒక కన్ను ఇలా పోయినప్పుడు రెండోది కూడా దాని దారి పట్టే ముప్పు ఉంటుందని, నెలనెలా చూపించుకోవాలని డాక్టర్లు చెప్పారు. ఆ మాట చెప్పినప్పుడు అక్క ఒక్కతే విన్నది. వాడికి ఆ సంగతి తను చెప్పలేక బావ చేత చెప్పించింది. ఇప్పటికి చూసినన్నిసార్లూ బాగానే ఉందన్నారు. ఇంకా ఎన్నిసార్లు అంటారో ఎవరికీ తెలియదు.

కన్ను చూపించుకునే రోజు వచ్చినప్పుడల్లా వాణ్ణి గ్యారేజీ దగ్గర ఎక్కించుకుంటుంది. వాడు ఎడమపక్క సీట్లో కూర్చుని, డాక్టరు గదిలో చదవాల్సిన అక్షరాల కోసమో ఏమో, మంచి కంటితో దారి పొడుగునా కొట్ల బోర్డులు చదువుకుంటూ వస్తాడు. మధ్యమధ్య ఒక బోర్డు దగ్గర ఆగిపోతాడు. అది మరీ దూరమై చదవలేకపోయాడో, చూపు తగ్గి చదవలేకపోయాడో అడగడానికి ఆమెకు ధైర్యం చాలదు.

"తొందరగా పోనీ అక్కా, ఆలస్యమవుతోంది" అంటాడు.

"గుంత వస్తోంది, బిగపట్టుకో" అని ఆమె అదే వేగంతో నడుపుతుంది.